ముప్పై అడుగుల మోటార్‌హోమ్‌లో యెల్లోస్టోన్ దాకా: బండి ఏం చూపించింది, ఏం చూడనివ్వలేదు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు స్టార్లు. పడుకోవడానికీ, వండుకోవడానికీ, పెద్దవాళ్ళని హాయిగా తిప్పడానికీ అయితే నాలుగున్నర ఇచ్చేదాన్ని. కానీ మేం వెళ్ళింది చూడ్డానికి కదా, ఆ లెక్కన రెండున్నర కూడా ఎక్కువే. అద్దెకు తీసుకునేటప్పుడు మంచాలెన్ని, షవర్ ఉందా, ఏసీ ఎలా ఉంటుంది అని సవాలక్ష ప్రశ్నలు అడిగిన మేం, ఈ పొడవు బండిని మనం వెళ్ళే చోట ఏ రోడ్డులోకి రానివ్వరు అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. ఈ వేసవికి మళ్ళీ ఒక ట్రిప్ అనుకుంటూ పాత బిల్లులు తీస్తే అవన్నీ గుర్తొచ్చాయి, అందుకే ఇంత ఆలస్యంగా ఈ రివ్యూ.

ట్రిప్ 2024 ఆగస్టులో, పదకొండు రాత్రులు. డెన్వర్‌లో బండి తీసుకుని సౌత్ డకోటాలో బ్యాడ్‌లాండ్స్, మౌంట్ రష్‌మోర్, వ్యోమింగ్‌లో డెవిల్స్ టవర్, కోడీ అనే ఊరి మీదుగా యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కులు చూసుకుని మళ్ళీ డెన్వర్. దగ్గర దగ్గర 1,770 మైళ్ళు. మనుషులం ఆరుగురం: నేను, మా ఆయన, పదకొండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మావయ్య. మావయ్యకి మోకాళ్ళ నొప్పులు, పైగా గంటకోసారి బాత్‌రూమ్ కావాలి. అసలు మోటార్‌హోమ్ ఆలోచన పుట్టిందే అక్కడ. వ్యోమింగ్‌లో ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య డెబ్భై ఎనభై మైళ్ళ పాటు ఏమీ ఉండదు, ఆ దారిలో మన బాత్‌రూమ్ మన వెనకే వస్తోందంటే పెద్దవాళ్ళకి ఎంత నిశ్చింతో చెప్పలేను. ఒక్క ఆ విషయానికే అత్తయ్య ఐదు స్టార్లు వేయమంటారు.

మోటార్‌హోమ్‌ల్లో మూడు రకాలు. క్లాస్ ఎ బస్సంత ఉంటుంది, ముందంతా అద్దమే. క్లాస్ బి అంటే వ్యానులోనే మంచం, పొయ్యి ఇరికించింది. మధ్యలోది క్లాస్ సి, ముందు ట్రక్కు మూతి, వెనక ఇల్లు, డ్రైవర్ నెత్తి మీద ఇంకో మంచం. మాది ఆ సి, ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన 30 అడుగుల బండి, ఎత్తు 12 అడుగులకు అటూఇటూ. మామూలు కారు లైసెన్సు చాలు. ఆఫీసులో ఒకబ్బాయి ఓ పావుగంట బండి చుట్టూ తిప్పి, ఇది నీళ్ళది, ఇది కరెంటుది, ఇది ముట్టుకోవద్దు అని చెప్పి తాళాలు చేతిలో పెట్టేశాడు. స్కూటర్ కొన్నప్పుడు కూడా ఇంతకంటే ఎక్కువ చెప్తారు.

తిన్నగా నడపడం కష్టమేం కాదు. తిప్పడమే ఉంది అసలు సంగతి. వెనక చక్రాల తర్వాత కూడా ఇంకో పది అడుగుల బండి ఉంటుంది, మనం స్టీరింగ్ ఎడమకి తిప్పితే ఆ తోక కుడివైపుకి ఊగుతుంది. పుస్తకంలో రాసుంది, వీడియోలో చూశాం, అయినా రెండో రోజు పెట్రోలు కొట్టించి బయటికి తిప్పుతుంటే పంపు పక్కనున్న పసుపురంగు ఇనుప స్తంభానికి గీసుకుంది. స్టీరింగ్ పట్టుకుంది నేనే. "అమ్మాయ్, ఏదో తగిలినట్టుంది" అన్నారు మావయ్య చాలా మెల్లగా, ఆయన ఎప్పుడూ అంతే, ఇల్లు కాలిపోతున్నా అదే గొంతు. దిగి చూస్తే జానెడు గీత. ఆ గీత కథ తర్వాత చెప్తా, డబ్బుల దగ్గర.

ఇంకోటి గాలి. సౌత్ డకోటాలో ఐ-90 హైవే మీద స్పీడ్ లిమిట్ 80 మైళ్ళు, మేం 62 దాటలేదు, దాటితే బండి మొత్తం గాలిపటంలా ఒక పక్కకి లాగేస్తుంది. గూగుల్ మ్యాప్స్ నాలుగు గంటలు అంటే మాకు ఐదున్నర. ఈ లెక్క వేసుకోకుండా రోజుకి రెండు చోట్లు అని ప్లాన్ రాసుకున్న మా ఆయన మూడో రోజుకి ఆ కాగితం చించేశారు.

ఇక చూసినవి. బ్యాడ్‌లాండ్స్‌తో మొదలుపెట్టడం మాకు కలిసొచ్చింది, ఎందుకంటే మోటార్‌హోమ్‌కి అంతకంటే అనువైన పార్కు ఈ దారిలో ఇంకోటి లేదు. లూప్ రోడ్డు మీద పక్కకి ఆగే చోట్లు బోలెడు, చాలావరకు వెడల్పుగా ఉంటాయి, ఆపి కిటికీ తెర తీస్తే చాలు మట్టి గోపురాలు, పొరలు పొరలుగా గులాబీ, బూడిద, పసుపు రంగుల్లో. మావయ్య కిందకి దిగకుండానే సగం పార్కు చూశారు, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కాఫీ తాగుతూ. మేం చేరింది 12వ తేదీ. దగ్గర్లో స్టర్జిస్ అనే ఊళ్ళో పెద్ద మోటార్‌సైకిల్ ర్యాలీ జరుగుతుంది ఏటా ఆగస్టులో, ఆ ఏడాది 11న ముగిసింది, దారంతా ఎదురుగా వరసలు వరసలుగా బైకులు తిరిగి వెళ్తూ కనిపించాయి. ఒక్క రోజు తేడాతో తప్పించుకున్నాం, లేకపోతే ఆ చుట్టుపక్కల బండి పెట్టుకోను చోటు దొరకదు. ఆగస్టు తొలి పది రోజుల్లో అటు వెళ్ళేవాళ్ళు ర్యాలీ తేదీలు ముందు చూసుకోండి.

ఆ రాత్రి పార్కులోని సీడార్ పాస్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న సైటు. అర్ధరాత్రి చంద్రుడు అస్తమించాక పిల్లల్ని లేపి బయట దుప్పటి పరిచి పడుకోబెట్టాం, పెర్సీయిడ్ ఉల్కలు ఎక్కువగా రాలే రాత్రి అది. పాప ముప్పై దాకా లెక్కపెట్టి నిద్రపోయింది. అప్పుడనిపించింది, హోటల్లో ఉంటే ఈ టైముకి పిల్లల్ని లేపి, చెప్పులేసి, కారెక్కించి, ఇరవై మైళ్ళు వచ్చేవాళ్ళమా? రాం. మోటార్‌హోమ్ విలువ తెల్లవారుజామున, అర్ధరాత్రి తెలుస్తుంది. పొద్దున పదింటికి పార్కింగ్ లాట్‌లో మాత్రం అదే పెద్ద శిక్ష.

బ్యాడ్‌లాండ్స్‌లో మిస్సయింది ఒకటే, సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు. కంకర రోడ్డు అది, మా అద్దె కాగితాల్లో కంకర రోడ్డు ఎక్కితే బీమా వర్తించదని స్పష్టంగా రాసుంది. అటు ప్రైరీ డాగ్‌ల (నేలలో కలుగులు తవ్వుకునే ఉడుత జాతి జంతువులు) కాలనీ ఉంటుందని బాబు నెల రోజుల ముందు నుంచి చెప్తున్నాడు. వాడి మొహం చూడలేకపోయాం.

తర్వాత బ్లాక్ హిల్స్, అక్కడే మా అసలు దెబ్బ. నీడిల్స్ హైవే అని కస్టర్ స్టేట్ పార్కులో ఒక రోడ్డుంది, సూదుల్లా నిలబడ్డ రాళ్ళ మధ్య నుంచి పోతుంది, చివర్న నీడిల్స్ ఐ అనే సొరంగం, వెడల్పు ఎనిమిదడుగులకు కాస్త అటూఇటూ. మా బండి ఒళ్ళే ఎనిమిదడుగుల పైన, అద్దాలు కలపకుండానే. ఐరన్ మౌంటెన్ రోడ్డు ఇంకోటి, 17 మైళ్ళలో 314 మలుపులు, చెక్క వంతెనలు మెలికలు తిరుగుతూ పోతాయి, సొరంగాల్లోంచి చూస్తే చట్రం కట్టినట్టు రష్‌మోర్ కొండకి చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాలు కనిపించేలా కావాలనే అలా వేశారు. ఈ రెండూ ఫొటోల్లో చూసే మేం బ్లాక్ హిల్స్ పెట్టుకున్నాం. రెండింటిలోకీ వెళ్ళలేదు. "ఇంత పెద్ద ఇల్లు వెంటేసుకుని మళ్ళీ కారెందుకు" అని బయల్దేరే ముందు అన్నది ఎవరో నేను చెప్పను, ఆయన ఈ రివ్యూ చదువుతారు. ర్యాపిడ్ సిటీలో ఒక్క రోజుకి కారు తీసుకుని, బండిని క్యాంపులో వదిలేసి ఉంటే రెండూ ఒకే పూటలో అయిపోయేవి.

రష్‌మోర్ దాకా మాత్రం పెద్ద రోడ్డే, పెద్ద బళ్ళకి వేరే పార్కింగ్ ఉంది. పార్కింగ్‌కి 10 డాలర్లు, నేషనల్ పార్కుల వార్షిక పాసు అక్కడ చెల్లదు, గేటు దగ్గర వాదించి లాభం లేదు. ఒక్కో ముఖం 60 అడుగుల ఎత్తు, 1927లో మొదలుపెట్టి 1941 దాకా చెక్కారు, ఇవన్నీ చదివి వెళ్ళాం కాబట్టి గొప్పగా అనిపించింది, కానీ నిజం చెప్పాలంటే గంటలో అయిపోతుంది. కస్టర్‌లో వైల్డ్‌లైఫ్ లూప్ రోడ్డు 18 మైళ్ళు, అందులోకి మోటార్‌హోమ్ వెళ్తుంది. అక్కడ గాడిదలు కార్లని ఆపి కిటికీలోంచి తలలు దూర్చి తిండి అడుక్కుంటాయి. మా కిటికీ వాటికి అందలేదు. మెడ చాచి చాచి చూసి, విసుగొచ్చి వెనకున్న కారు దగ్గరికి పోయింది ఒకటి, పాప ఏడుపు.

డెవిల్స్ టవర్ గురించి ఎక్కువ రాయను, బాగుంది, వెళ్ళండి. మైదానంలో ఉన్నట్టుండి 867 అడుగుల రాతి మొద్దు, నిలువు గీతలు గీతలుగా. 1906లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ప్రకటించిన మొట్టమొదటి నేషనల్ మాన్యుమెంట్ ఇదే. చుట్టూ 1.3 మైళ్ళ చదునైన కాలిబాట. చెట్లకి అక్కడి తెగలవాళ్ళు మొక్కుగా కట్టిన రంగు గుడ్డలుంటాయి, అత్తయ్య వాటి ముందు ఆగి చెప్పులు విప్పబోయారు. పైగా రోడ్డు పక్కనే ప్రైరీ డాగ్‌లు, వందల కొద్దీ, ఒక్కొక్కటి కలుగు మీద నించుని కీచుమంటూ. బాబుకి బ్యాడ్‌లాండ్స్ బాకీ అక్కడ తీరింది.

అక్కణ్ణించి కోడీ వెళ్ళడానికి బిగ్‌హార్న్ కొండలు దాటాలి. మూడు రోడ్లున్నాయి, అందులో 14ఎ జోలికి పోవద్దు, 10 శాతం వాలు. మేం 16 మీద వెళ్ళాం, అది కూడా 9,666 అడుగుల పౌడర్ రివర్ పాస్ ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను అరుపు వింటే జాలేస్తుంది, నలభై మైళ్ళ వేగం మించలేదు, వెనక కార్ల తోక. దిగేటప్పుడు టో/హాల్ మోడ్ (బరువుతో కొండలెక్కి దిగేటప్పుడు వాడే గేరు పద్ధతి) నొక్కి గేరు తగ్గించుకుని దిగాలి, బ్రేకు మీద కాలు అదిమి పెట్టుకుని దిగితే కిందకొచ్చేసరికి కాలిన వాసన. మాకు ఆ వాసన సగంలోనే వచ్చింది, పక్కకి ఆపి అరగంట కూర్చున్నాం, ఆ అరగంటలో అత్తయ్య ఉప్మా చేసేశారు. టెన్ స్లీప్ లోయ మా ట్రిప్‌లో ఎవరూ చెప్పకుండా దొరికిన అందం, ఉప్మా తిన్న చోటు నుంచే చూశాం దాన్ని.

యెల్లోస్టోన్. 1872 మార్చి 1న ఏర్పడ్డ పార్కు, ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్ళ లూప్ రోడ్డు, లోపల చాలాచోట్ల 45 మైళ్ళే లిమిట్. కోడీ వైపు తూర్పు గేటు నుంచి వస్తే సిల్వన్ పాస్ దాటగానే సరస్సు కనిపిస్తుంది, ఆ మొదటి చూపుకే మావయ్య "ఆపండి, ఆపండి" అన్నారు, ఆయన ఆ ట్రిప్ మొత్తంలో గొంతు పెంచింది ఒక్కసారి అదే. ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో (ఆర్‌వీ అంటే మోటార్‌హోమ్ లాంటి బళ్ళు) మూడు రాత్రులు. యెల్లోస్టోన్ లోపల నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ మూడూ ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్ అదొక్కటే, అందుకే ఏడాది ముందే బుక్ చెయ్యాలి. గుడారాలు వెయ్యనివ్వరు, గట్టి గోడలున్న బళ్ళకే చోటు, కారణం గ్రిజ్లీ ఎలుగుబంట్లు. ఆ మాట చదివాక అత్తయ్య రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకునేవారు.

ఇక్కడ వంట గురించి ఓ మాట. ఆ సరస్సు ఎత్తే 7,700 అడుగుల పైన, నీళ్ళు 92 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో పెట్టిన అన్నం ఎంతసేపటికీ పలుకే. కుక్కర్ తీసుకెళ్ళిన అత్తయ్య తెలివి అక్కడ తెలిసింది, విజిల్‌కి పక్క బండాయన బయటికొచ్చి మా బండి కింద వంగి చూశాడు, గ్యాస్ లీకేమో అనుకుని పాపం. తాలింపు వేస్తే మాత్రం పొగ అలారం కుయ్యోమని మొదలు. పొయ్యికి నాలుగడుగుల్లోనే ఉంటుంది అది. రెండో రోజు నుంచి తాలింపు టైముకి బాబు డ్యూటీ అలారం కింద నించుని విసనకర్రలా అట్టముక్క ఊపడం.

చూడ్డం విషయానికొస్తే, యెల్లోస్టోన్‌లో మోటార్‌హోమ్‌తో బతకాలంటే ఒకటే దారి, పొద్దున ఆరింటికి చక్రం కదలాలి. మొదటి రోజు మేం తొమ్మిదిన్నరకి బయల్దేరాం, టిఫిన్లు, స్నానాలు అన్నీ కానిచ్చి. గ్రాండ్ ప్రిస్మాటిక్ ఉండే మిడ్‌వే గీజర్ బేసిన్ లాట్ చిన్నది, రోడ్డు మీదే కార్లు అర మైలు ఆగి ఉన్నాయి, మాకు లోపలికి మలుపు తిప్పడానికే చోటు లేదు. ముందుకెళ్ళి తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి తిరిగొచ్చి, చివరికి మా ఆయన బండిలోనే కూర్చుంటే మేం ఐదుగురం దిగి పరిగెత్తాం. ఆయన గ్రాండ్ ప్రిస్మాటిక్ చూసింది నా ఫోనులో. 370 అడుగుల వెడల్పు వేడినీటి బుగ్గ, మధ్యలో నీలం, అంచుల్లో పసుపు, నారింజ, ఆ రంగులు వేడిలో బతికే సూక్ష్మజీవులవి, మధ్యలో మరీ వేడి కాబట్టి అక్కడ అవి ఉండవు, అందుకే నీలం. ఇదంతా ఫోనులో చూపిస్తూ చెప్తుంటే ఆయన పెట్టిన మొహం గుర్తొస్తే ఇప్పటికీ పాపం అనిపిస్తుంది.

మర్నాడు ఆరింటికే బయల్దేరాం, పిల్లలు మంచాల్లో బెల్టులు కట్టుకోవడానికి లేదు కాబట్టి వాళ్ళని ఎత్తుకొచ్చి సీట్లలో కూర్చోబెట్టి దుప్పటి కప్పాం. హేడెన్ లోయలో పొగమంచు, రోడ్డంతా బైసన్లు, అంటే అమెరికా అడవిదున్నలు. మా ముందు ఒక కారు, తర్వాత మేం, అంతే. ఒకటి మా బండి పక్కనే వచ్చి నించుంది. కారులో ఉన్నవాళ్ళకి దాని డొక్క తప్ప ఏమీ కనిపించదు, మాకు పైనుంచి దాని మూపు, మీద అంటుకున్న గడ్డి, బురద, ఊపిరి వదిలినప్పుడల్లా ఆవిరి, అద్దానికి అడుగు దూరంలో. పాప ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. దిగితే 25 గజాల దూరం ఉండాలి, ఎలుగుబంటి, తోడేలు అయితే 100 గజాలు, కానీ బండిలో ఉన్నప్పుడు అది మన దగ్గరికి వస్తే మనం చేసేదేం లేదు, కదలకుండా కూర్చోవడమే. ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఈ ట్రిప్‌కి పెట్టిన డబ్బంతా ఆ ఇరవై నిమిషాలకే రాసుకున్నా నాకు బాధ లేదు. ఆ తర్వాత ఏడున్నరకి ఆర్టిస్ట్ పాయింట్, 308 అడుగుల లోయర్ ఫాల్స్ జలపాతం, పార్కింగ్ సగం ఖాళీ.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి గీజర్ దగ్గర లాట్ పెద్దది కాబట్టి టెన్షన్ లేదు. దాదాపు గంటన్నరకోసారి ఎగజిమ్ముతుంది, పది నిమిషాలు అటూఇటూగా టైము కూడా చెప్తారు. గీజర్ అనగానే మావయ్యకి ఇంట్లో బాత్‌రూమ్‌లో ఉండేదే గుర్తు, "మనదానికి థర్మోస్టాట్ పోయినప్పుడు ఇలాగే కొట్టింది" అన్నారు. బిస్కట్ బేసిన్ మాత్రం మూసేశారు, మేం వెళ్ళడానికి నెల కూడా కాకముందు, జులై 23న అక్కడ భూమిలోంచి వేడినీరు, రాళ్ళు పేలి చెక్క నడకదారి విరిగింది, అదృష్టం కొద్దీ ఎవరికీ ఏం కాలేదు. ఫైర్‌హోల్ లేక్ డ్రైవ్, మామత్ దగ్గర అప్పర్ టెర్రేస్ డ్రైవ్, ఈ రెంటిలోకీ మోటార్‌హోమ్‌లని రానివ్వరు. ఒక సాయంత్రం అత్తయ్య, మావయ్య, పిల్లల్ని పార్కువాళ్ళ పాత పసుపు బస్సు టూర్‌లో పంపాం, 1930ల నాటి బళ్ళు, పైకప్పు గుడ్డ వెనక్కి చుట్టేస్తారు. వాళ్ళకి మా బండి కంటే అదే నచ్చింది. మేమిద్దరం ఆ టైములో ట్యాంకులు ఖాళీ చేశాం.

ట్యాంకుల గురించి చెప్పకుండా ఉండలేను. మరుగుదొడ్డిది బ్లాక్, సింకు, షవర్ నీళ్ళు గ్రే. గొట్టం తగిలించి ముందు బ్లాక్ వదలాలి, అది అయ్యాక గ్రే వదిలితే ఆ సబ్బునీళ్ళతో గొట్టం కడుక్కుంటుంది. మేం మొదటిసారి తిరగేసి చేశాం. ఇంతకంటే వివరం వద్దు. గోడ మీద లైట్లు ట్యాంకు ఎంత నిండిందో చూపిస్తాయి, బ్లాక్‌ది ఖాళీ చేసిన మరుక్షణం కూడా నిండుగానే చూపిస్తుంది, నమ్మకండి. చేతి తొడుగులు ఒక పెట్టె కొనుక్కెళ్ళండి, బండిలో ఉంటాయన్నారు, ఒకే జత ఉంది, అది కూడా వాడింది.

గ్రాండ్ టీటన్‌లో కోల్టర్ బేలో ఒక్క రాత్రే దొరికింది. ఆక్స్‌బో బెండ్ దగ్గర రోడ్డు పక్కనే ఆగొచ్చు, పొద్దున నీళ్ళలో మౌంట్ మోరన్ తలకిందులుగా, కెమెరా అక్కర్లేకుండా కళ్ళలో నిలిచిపోతుంది. కానీ ఇక్కడా మాకు మూసిన తలుపులే: సిగ్నల్ మౌంటెన్ పైకి వెళ్ళే రోడ్డులో ఆర్‌వీలు నిషేధం, మూస్-విల్సన్ రోడ్డులోనూ నిషేధం. జెన్నీ లేక్ దగ్గరికి పదకొండింటికి చేరాం, అప్పటికి లాట్ నిండిపోయింది, కిటికీలోంచే దణ్ణం పెట్టి వచ్చేశాం. తిరుగు దారిలో ఐ-80 మీద రాలిన్స్, లారమీ మధ్య గాలికి స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని చేతులు తిమ్మిరెక్కాయి.

ఇక అద్దె కంపెనీ. పేరు చెప్పను. బండి ఇంజను, టైర్లు, ఏసీ బాగున్నాయి. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులు, మలుపుల్లో తెరుచుకుని పెరుగు డబ్బా రెండుసార్లు నేల మీదే. ఫోన్ చేస్తే టేపు వెయ్యండి అన్నారు, వేశాం. తిరిగిచ్చేటప్పుడు నా జానెడు గీతకి డిపాజిట్‌లోంచి కోసుకున్నారు, అది నా తప్పే, ఒప్పుకున్నా. కానీ కప్పు అంచున ఉన్న ఇంకో పాత గీత కూడా మాదే అన్నారు. బండి తీసుకున్న రోజు మా బాబు సరదాకి చుట్టూ తీసిన వీడియోలో ఆ గీత ఉంది, అది పంపాక మూడు వారాలకి ఆ డబ్బులు వెనక్కొచ్చాయి. నిచ్చెన ఎక్కైనా సరే పైకప్పు కూడా వీడియో తీసుకోండి.

డబ్బులు చెప్పాలంటే, అద్దె, బీమా, వంటసామాను, అదనపు మైళ్ళు కలిపి 4,100 డాలర్లు. రోజుకి వంద మైళ్ళే ఉచితం, ఆపైన ప్రతి మైలుకీ లెక్క, జనరేటర్ గంటకి ఇంత అని అదొకటి. పెట్రోలు 700 దాకా, గ్యాలన్‌కి ఎనిమిదిన్నర మైళ్ళు వచ్చింది. క్యాంపు సైట్లు ఇంకో 850. ఒక మినీ వ్యాను, రెండేసి హోటల్ గదులు అయినా ఇంచుమించు ఇంతే అయ్యేది, కాబట్టి ఆదా అవుతుందని మాత్రం తీసుకోకండి. పార్కు ఎంట్రీకి మేం 80 డాలర్ల వార్షిక పాసు కొన్నాం. 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకి ఆ పాసు 250 డాలర్లు చేశారు, పాసు లేకపోతే యెల్లోస్టోన్, టీటన్ లాంటి పదకొండు పార్కుల్లో మనిషికి ఇంకో 100 అదనం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్ళేవాళ్ళు ఆ నిబంధనలు చదువుకుని వెళ్ళండి.

మళ్ళీ తీసుకుంటావా అంటే తీసుకుంటా. ఆరుగురికి 30 అడుగులు సుఖమే, కానీ దాన్ని ఒకచోట పాతేసి చుట్టుపక్కల తిరగడానికి చిన్న కారు పెట్టుకుంటా, ఒక్కోచోట ఒక్క రాత్రి కాకుండా మూడేసి రాత్రులు ఉంటా. ఈ వేసవి గ్లేసియర్ నేషనల్ పార్కు అనుకుంటున్నాం, అక్కడ గోయింగ్ టు ద సన్ రోడ్డులో కొండ మీది భాగానికి 21 అడుగులు దాటిన బండి వెళ్ళకూడదు, అద్దాలతో కలిపి వెడల్పు ఎనిమిదడుగులు మించకూడదు. ఈసారి మా ఆయన ముందు అక్కడి ఎర్ర బస్సులో ఆరు సీట్లు బుక్ చేశారు, మోటార్‌హోమ్ ఇంకా వెతుకుతున్నారు. అత్తయ్య అడిగింది ఒక్కటే, పొయ్యికీ ఆ కుయ్యోమనే దానికీ మధ్య దూరం ఎంతుందో కనుక్కోమని.